ముందు బ్రేకులు

"ఇది స్కూటర్ కాదక్కా, కోళ్ల గూడు. తుక్కుకు ఎయ్యి."

మెకానిక్ గోవర్ధన్ నవ్వుతూ సీటు ఎత్తాడు. లోపల నిజంగానే కోడి ఈకలున్నాయి.

సంతోషికి నవ్వు రాలేదు.

ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పని ఆమెది. పొద్దున ఆరింటికల్లా గేటు లోపల ఉండాలి. ఆ వేళకు ఊళ్లోంచి బస్సు లేదు. రెండేళ్లు కంపెనీ వ్యాన్ ఇంటి ముందుకే వచ్చి ఎక్కించుకునేది. నెల కింద ఆ ట్రిప్పు ఆగిపోయింది. అప్పటినుంచి పాల ఆటోలను, కూరగాయల బండ్లను బతిమాలుకుంటూ పోతోంది. మూడుసార్లు ఆలస్యమైంది.

సూపర్‌వైజర్ మల్లేశ్వర్ నాలుగు రోజులు సెలవిచ్చి ఒకే మాట చెప్పాడు. "ఏదన్న బండి చూసుకో. సోమవారం గూడ లేటైతే ఇగ రాకు."

ఇంట్లో ఉన్నది ఈ స్కూటరొక్కటే. ఒకప్పుడు నాన్న దశరథం దీనిమీద పాల క్యాన్లు మోశాడు. ఎనిమిదేళ్లుగా కొట్టంలో పడి ఉంది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి శనివారం ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి. అక్కడ పాసైతేనే రోడ్డెక్కేది.

"జర చూడన్నా."

"మూడు దినాల్ల నాతోని కాదక్కా."

"నేను చేస్త."

బల్లమీద చాయ్ తాగుతున్న ముసలాయన లేచాడు. మాసిన గడ్డం, మెడలో తువ్వాల.

"నువ్వు మెకానిక్‌వా బాపూ?"

"బండ్లతోనే బతికిన బిడ్డా."

గోవర్ధన్ పానాల డబ్బా ఆయన ముందుకు తోశాడు. "చేస్కో పెద్దాయనా. నాకైతే పరేషాన్ వద్దు."

ముసలాయన ఇంజన్ ముట్టుకోలేదు. ముందు చక్రాలు విప్పాడు.

"స్టార్టయితదో లేదో చూడరాదు?" అంది సంతోషి.

"అందరు స్టార్టయ్యేది చూస్తరు. నేను ఆగేది చూస్త. బ్రేకులు లేనిది నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత?"

బ్రేకు షూలు మార్చాడు. ఎలుకలు కొరికిన వైర్లు అతికించాడు. పెట్రోల్ ట్యాంకులో కిరోసిన్ పోసి, గుప్పెడు కంకర వేసి, చెరో పక్క పట్టుకుని ఊపుదామన్నాడు. తుప్పంతా ఎర్రటి నీళ్లయి బయటికొచ్చింది.

ఊపుతూనే సంతోషి అక్కసు వెళ్లగక్కింది.

"అంత ఆ వ్యాన్ డ్రైవర్ చేసిండు బాపూ. కంపెనీతోని లొల్లి పెట్టుకొని పోయిండంట. ఆయన పోయిండు, మా ట్రిప్పు పోయింది. మంది గురించి సోయి ఉండాలె గద!"

"ఆయనదే తప్పు బిడ్డా. ఇంకో జర గట్టిగ ఊపు."

శుక్రవారం మధ్యాహ్నం వచ్చేసరికి షాపులో స్కూటర్ లేదు. ముసలాయనా లేడు.

సంతోషి షాపు వెనక కూడా వెతికొచ్చింది.

"ఏడన్నా నా బండి? ఎవలో ఎరుక లేనోని చేతిల పెడ్తవా?"

గోవర్ధన్ జవాబిచ్చేలోపే హైవే సర్వీసు రోడ్డు మీద స్కూటర్ చప్పుడు వినబడింది. ముసలాయన దిగాడు. ఒళ్లంతా దుమ్ము.

"దొంగతనంగ తీస్కపోయినవా?" సంతోషి అరిచింది.

"మంఖాల్ దాక పోయొచ్చిన. మీ తొవ్వల గుంతలున్నయి. అక్కడ బ్రేకు పడ్తదో లేదో చూడాలె గద."

"మా ఊరు నీకెట్ల ఎరుక?"

"బండి కాయితం మీద లేదా?"

ఆమె ఆయన చేతిలోంచి బండి తాళం అందుకుంది.

శనివారం ఆర్టీఏ ఇన్‌స్పెక్టర్ వంగి బండి చట్రం మీద చెక్కిన చాసిస్ నంబరు వెతికాడు. అది కనబడకపోతే మిగతావి ఎన్ని బాగున్నా వెనక్కి పంపేస్తారు. ముసలాయన ముందురోజే కిరోసిన్ గుడ్డతో రుద్ది తుప్పు వదిలించాడు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఒక్కో అంకె తేలింది.

"నడుపమ్మా. ఆ... బ్రేకు కొట్టు."

స్కూటర్ ఉన్నచోట ఆగిపోయింది.

"పాస్."

గేటు బయట ముసలాయన బీడీ తాగుతున్నాడు. సంతోషి దగ్గరికెళ్లి తలవంచుకుంది.

"నిన్న నోరు జారిన బాపూ. మనసుల పెట్టుకోకు. సోమవారం డ్యూటీ అయినంక నాటుకోడి కూర, జొన్నరొట్టె తెస్త. షాపు కాడనే ఉండు."

"కోళ్ల గూడు గుంజుకున్నవ్, ఇగ కోడిని గూడ కోస్తవా?" అని నవ్వాడు.

సోమవారం ఐదూ నలభైకే సంతోషి స్టాఫ్ పార్కింగ్‌లో బండి ఆపింది. పక్కనే కావేరి తన పాత మోపెడ్‌కు తాళం వేస్తోంది. ఇద్దరూ అదే వ్యాన్‌లో వచ్చేవాళ్లు.

"నీదీ అయిందా? నాది పోయిన వారమే చేశారు. మన వ్యాన్‌లోనే వచ్చే భాగ్యలక్ష్మి గారిది అంతకు ముందు."

"ఎవలు చేసిన్రు?"

"ఆయనే. నువ్వు గోవర్ధన్ షాపుకి బండి తెస్తున్నావని ఆయనకి నేనే చెప్పా. నీది ఆఖరు బండి, అదయ్యాకే లారీ డ్రైవర్‌గా చేరతానన్నారు. నిన్ననే బెంగళూరు వెళ్లిపోయారు."

హ్యాండిల్‌కు తగిలించిన కోడికూర డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.

"మన బండ్లతోని ఆయనకేం పని?"

కావేరి వింతగా చూసింది. "గుర్తుపట్టలేదా? రెండేళ్లు ఆయన వెనక సీట్లోనే నిద్రపోతూ వచ్చాం కదే!"

మాస్కు, మంకీ టోపీ, ఆడవాళ్లు కాసేపు పడుకుంటారని ఆర్పేసిన లైటు. ఆ ముఖం సంతోషి ఒక్కనాడూ చూడలేదు.

"మరి లొల్లి పెట్టుకొని పోయిండన్నరు?"

"తీసేశారు. ఆ ట్రిప్పుకి ఇంకే డ్రైవరూ రాలేదు."

"ఎందుకు తీసేసిన్రు?"

కావేరి గొంతు తగ్గించి చెప్పింది: ఊరి బయట శ్రీశైలం రోడ్డు మలుపు దగ్గరే వ్యాన్ ఆపాలని కంపెనీ ఎన్నిసార్లు హెచ్చరించినా వినకుండా, చీకట్లో ఆడపిల్ల ఒక్కతే నడవకూడదని రోజూ మంఖాల్ లోపలికి వచ్చి సంతోషి గడప ముందే బండి ఆపినందుకు పని పోగొట్టుకున్న డ్రైవర్ యాదగిరి ఆయన.