గాలిలో బండారి

"మా అన్న చేతుల బండారి యాడ పోయింది?" అంటూ పరశురాములు కంప్యూటర్ ముందు నుంచి లేచి ముజఫ్ఫర్ చొక్కా పట్టుకున్నాడు.

నల్గొండలో ముజఫ్ఫర్ వీడియో దుకాణం మహా ఇరుకు. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి జాగా ఉండదు. వెనక్కి జరుగుదామన్నా గోడ. చొక్కా వదలమని ముజఫ్ఫర్ మెల్లగా అడిగాడు. పరశురాములు వదలలేదు.

తెర మీద నడుస్తున్నది బీరప్ప పండుగ వీడియో. డోలు దెబ్బల మధ్య ఊరి కురుమలంతా గుప్పిళ్లతో పసుపు చల్లుకునే పండుగ అది. ఆ పసుపునే వాళ్లు బండారి అంటారు. పగబట్టిన ఇద్దరు దేవుడి ముందు నిలబడి ఒకరి మీద ఒకరు బండారి చల్లుకుంటే పగ అక్కడితో సరి. చల్లినవాడు మాట తప్పాడా, బీరప్ప వాణ్ణి వదలడు. పరశురాములు అన్న మైసయ్యకు పెళ్లామన్నా సర్పంచన్నా లెక్క లేదు గానీ, బీరప్ప అంటే మాత్రం వణుకు.

అన్నదమ్ములకు పడదు. పొలం గట్టు దగ్గర తగువుపడి ఇద్దరికీ ఏండ్లుగా మాటల్లేవు. పండుగనాడు ముందు తమ్ముడు చల్లాడు. తర్వాత మైసయ్య గుప్పిలి ఎత్తి తమ్ముడి నెత్తిన విప్పాడు. పరశురాములు అందరి ముందే ఏడ్చేశాడు. తెల్లారి తన గొర్రెలన్నీ తోలుకెళ్లి అన్న మందలో కలిపేశాడు. ఆ మందను మేపడానికి మైసయ్య నల్లమల దారి పట్టాడు. ఈపాటికి అచ్చంపేట దాటి అడవిలో పడి ఉంటాడు.

పరశురాములు భార్య భాగ్యలక్ష్మికి మాత్రం నమ్మకం కుదరలేదు. జీవాలు తప్ప మనకేముంది, మీ అన్న బండారి చల్లడం నువ్వు కళ్లారా చూశావా అని నిలదీసింది. చుట్టూ అందరూ చల్లుతుంటే, కళ్ల నిండా నీళ్లూ పసుపూ ఉంటే, ఏం చూస్తాడు పాపం! వీడియో తెచ్చి నీ నోరు మూయిస్తానని బస్సెక్కాడు.

తీరా వచ్చి అన్న చేతి మీదే చూపు నిలిపి చూస్తే ఇదీ సంగతి. మైసయ్య చెయ్యి లేచింది, విచ్చుకుంది. గాలి కడిగిన అద్దంలా ఉంది. చిటికెడు పసుపు లేదు.

"మా అన్న చెప్తే తుడిసినవా?" పరశురాములు చొక్కా పట్టి గుంజాడు. "నిన్ను నమ్మిన గద భాయ్. మా పెండ్లి వీడియో సుత నీతోనే తీయించిన. నమ్మినోడే గిట్ల మోసం జేస్తే ఇగ ఎవనికి చెప్పుకోవాలె?"

ముజఫ్ఫర్‌కు రోషం వచ్చింది. మైసయ్య ముఖం మళ్లీ చూసింది లేదన్నాడు. ఈ వీడియో కోసం తాను ఎంత తిప్పలు పడ్డాడో ఏకరువు పెట్టాడు. చీకట్లో తీసింది కదా, తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు. గ్రెయిన్ అంటారు దాన్ని. అది ఉండగానే వీడియోను కుదిస్తే ఫైలు బరువెక్కుతుంది, బొమ్మ ముద్దముద్దవుతుంది. అందుకే ముందుగా ఫిల్టరు పెట్టి చుక్కలన్నీ తుడిపించాడు. ఫోర్‌కే కెమెరా కొన్నందుకు బొమ్మ మెరిసిపోవాలని ఆ ఫిల్టరును ఆఖరిదాకా పెంచి మరీ పెట్టాడు.

చెప్తూ చెప్తూనే ఆగిపోయాడు. తెర వైపు తిరిగి వీడియోను మొదటి నుంచి నడిపాడు. డోలు వాయించేవాళ్ల మీద పసుపు ఎగరడం లేదు. ఆడవాళ్ల గుంపులోనూ లేదు. అందరి చేతులూ లేస్తున్నాయి, విచ్చుకుంటున్నాయి, గాలిలో మాత్రం ఏమీ లేదు. ముజఫ్ఫర్ నెత్తి కొట్టుకున్నాడు.

"తప్పు నాదేనన్నా. గాలిల ఎగిరే బండారిని సుత గ్రెయిన్ అనుకొని తుడిసేసింది గీ ఫిల్టరు. మీ అన్నది ఒక్కటే కాదు, ఊరోళ్లందరిదీ పోయింది."

పరశురాములు సగమే నమ్మాడు. అసలు వీడియో ఉందా అని అడిగాడు. అదృష్టం బాగుండి ముజఫ్ఫర్ దాన్ని ఇంకా చెరపలేదు. తెరిచాడు.

తెరంతా చుక్కల గజిబిజి. అయితేనేం, డోలు వాళ్ల తలల మీద బండారి లేచింది. ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది. దీపాల వెలుగులో గాలి మొత్తం పసుపైపోయింది. పరశురాములు ముఖం విప్పారింది. చొక్కా వదిలి, నలిగిన చోట తన చేత్తోనే సవరించాడు. నోరు జారినందుకు ఏమనుకోకన్నాడు. చుక్కలుంటే ఉండనీ, భాగ్యలక్ష్మికి చూపించడానికి తనకు ఇదే కావాలన్నాడు. ముందు చాయ్ తాగుదాం పదమన్నాడు.

"జర ఆగన్నా. మీ అన్న చల్లిన కాడ కోసి ఫోన్ల ఎక్కిస్త" అని ముజఫ్ఫర్ వీడియోను ముందుకు జరిపి, అక్కడి నుంచి నెమ్మదిగా నడిపించాడు.

పరశురాములు పిడికిలి విచ్చుకుంది. అన్న భుజాల మీద పసుపు రాలింది. ఆ తర్వాత మైసయ్య చెయ్యి లేచింది. ముజఫ్ఫర్ గబుక్కున వీడియో ఆపాడు. వెనక్కి జరిపాడు. మళ్లీ నడిపాడు. పరశురాములు తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగాడు.

వెనక ఊరందరి చేతుల్లోంచీ బండారి ఎగురుతూనే ఉంది. బీరప్ప ముందు నిలబడి, తమ్ముడి నెత్తిన మైసయ్య విప్పింది మాత్రం ఉత్త గుప్పిలి.