పరుపు చూడటానికి వచ్చినావిడ

ఆ పిల్ల మళ్ళీ నిద్రపోయింది.

గిరాకీకి చూపించడానికి పరిచిన పరుపుల్లోకెల్లా మంచిదాని మీద, బూట్లు విప్పి, యూనిఫాంలోనే.

పక్కన స్టూలు మీద ఆవిడ, ఒళ్ళో పిల్ల పుస్తకాల సంచి.

వారంగా ఇదే తంతు. ఎదురు కోచింగ్ సెంటర్‌లో భోజనాల గంట కొట్టగానే పిల్లను వెంటబెట్టుకుని వస్తుంది. “మెత్తగా ఉందో లేదో అమ్మాయి చూస్తుందండీ” అంటుంది. తల ఆనించడమే ఆలస్యం, పిల్ల ఒళ్ళు మరిచిపోతుంది.

గుమ్మంలో అడుగుపెట్టే తీరు చూసి కొనేవాళ్ళెవరో, కాలక్షేపానికి వచ్చినవాళ్ళెవరో చెప్పగలడు షావుకారు. ఈవిడ లెక్క మొదటిరోజే తేల్చేశాడు. ఇవాళ ఓపిక అయిపోయింది.

“ఏమ్మా, ఇది కొట్టనుకున్నారా, సత్రమనుకున్నారా?”

“నెమ్మదిగా అనండి. లేస్తుంది.”

“లేవాలనే అంటున్నా! మీ అమ్మాయిని మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి.”

“మా అమ్మాయి కాదండీ.”

“మరి?”

“హాస్టల్ పిల్ల. అర్ధరాత్రి దాటేదాకా చదివిస్తారు, చీకటుండగానే లేపుతారు. పగలు గదులకి తాళాలు. ఊరికే ఏడుస్తోంది, గోడతో మాట్లాడుతోంది. ఈ కాస్త నిద్రతోనే నిలబడుతోంది.”

“అంత జాలుంటే మీ ఇంటికి తీసుకెళ్ళండి.”

“మా ఇంట్లో కుదరదు.”

“మీ ఇంట్లో కుదరనిది నా కొట్లో కుదరాలా? భలే బేరమే!”

షావుకారు అరచేత్తో పరుపు మీద ఫట్టున చరిచాడు.

పిల్ల దిగ్గున లేచి రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

“నిద్రపోలేదు సార్! చదువుతున్నా సార్!”

ఆవిడ పిల్లను గుండెకి అదుముకుంది.

“నిద్ర పేరు చెప్పుకుని బతుకుతున్నారు. ఒక పసిదానికి కాసేపు నిద్ర ఇవ్వడానికి చేతులు రాలేదు. సిగ్గు లేదూ మీకు?”

కొట్టుకొచ్చి తననే తిడుతుందా!

వాళ్ళు గుమ్మం దాటగానే సెంటర్ డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. హాస్టల్‌కి పరుపులు వేయించే బేరం ఎలాగూ మాట్లాడాలి. ముందు ఈ కబురు అందిస్తే మంచి పేరొస్తుంది.

“మీ పిల్లను ఎవరో ఆవిడ బయటికి తెచ్చి పడుకోబెడుతోంది సార్. మీ గేటు కాపలావాడు ఎలా వదులుతున్నాడో ఏమో!”

“మనిషెలా ఉంటుంది?”

“బక్కపల్చగా, కళ్ళజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ.”

డైరెక్టర్ పుట్టుమచ్చ సంగతి మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాడు.

“ఇక రాదు లెండి. మంచి పని చేశారు.”

“అలాగే మన హాస్టల్ పరుపుల సంగతి...”

“మెత్తటి పరుపులేస్తే పిల్లలు లేస్తారటండీ?” డైరెక్టర్ నవ్వాడు.

బేరం కదా, షావుకారూ నవ్వాడు.

మర్నాడు ఆవిడ రాలేదు. పిల్లా రాలేదు.

మరుసటి వారం ఎదురు గేటు ముందు అంబులెన్సు ఆగింది. నర్సు ఆ పిల్లను పొదివి పట్టుకుని నడిపిస్తోంది.

“నీ పేరేంటమ్మా?”

“చదువుతున్నా సార్.”

“పేరు చెప్పు తల్లీ.”

“చదువుతున్నా సార్.”

షావుకారు గల్లాపెట్టె ముందు నుంచి లేచాడు. కొట్టు అలాగే వదిలేసి రోడ్డు దాటాడు. డైరెక్టర్ గదిలోకి తోసుకుపోయాడు.

“ఏం చేశారండీ ఆ పిల్లని?”

“బలహీనమైన పిల్ల, తట్టుకోలేకపోయింది. ఆ సీటు కోసం చాలామంది కాచుకునున్నారు.”

“బలహీనమా! నిన్నమొన్నటిదాకా గుప్పెడు నిద్రతో నిలబడిందండీ. ఆవిడ నిలబెట్టింది, నేను పడదోశాను. నా కొట్టు మేడంతా పరుపులు పరుస్తాను, ఆవిడని రమ్మనండి. ఎంతమందిని తెచ్చుకుంటుందో తెచ్చుకోమనండి!”

“ఆవిడ రాదు.”

“రాదని చెప్పడానికి మీరెవరండీ?”

డైరెక్టర్ కలానికి మూత పెట్టాడు.

“ఆవిడ మొగుణ్ణి.”