పాల్మాలో చూడదగ్గవి

“ఆ గుండ్రటి కోట ఎక్కితే ముందు సముద్రం కనిపిస్తుందా, ఊరు కనిపిస్తుందా?”

ఆడ్రీ పెన్ను బల్లమీద పడేసింది. ఈ వారంలో అతను రావడం ఇది నాలుగోసారి.

“రెండూ కనిపిస్తాయి క్రిష్ అన్నా. కొండమీద కోట కదా!”

“ముందు ఏది?”

“నేనెప్పుడు వెళ్లాను చెప్పడానికి? నేను చూసిన దూరదేశం గంట ప్రయాణంలో ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గే!”

క్రిష్ నవ్వలేదు. చిన్న నోటు పుస్తకం తీసి, కాగితం అయిపోతుందేమో అన్నట్టు చీమల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

అది 1991 జూన్. వర్ణవివక్ష మీద బయటి దేశాలు పెట్టిన ఆంక్షలు ఒక్కొక్కటే సడలుతున్నాయి. దక్షిణాఫ్రికా పాస్‌పోర్టు చూసి మొహం తిప్పుకునే దేశాలు తగ్గుతున్నాయి. దాంతో తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న వెరూలం ఊళ్లో ప్రతివాళ్లకీ విమానం ఎక్కాలని సరదా పుట్టింది. మెయిన్ రోడ్డులోని ఆ ట్రావెల్ ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంటుంది. ఎత్తడానికి ఆడ్రీ ఒక్కతే. అంత రద్దీలో ఈ మనిషి వచ్చి, స్పెయిన్ వాళ్ల దీవిలోని పాల్మా అనే ఊరి గురించి గంటలకి గంటలు అడుగుతాడు.

ముప్పై అయిదేళ్లుంటాయి. బక్కపలచటి మనిషి. తలుపు బార్లా తీసి ఉన్నా, ఎవరో ఒకరు రమ్మనేదాకా గడప బయటే నిలబడతాడు. కూర్చోమంటేనే కూర్చుంటాడు. మొదటిరోజు ఆ మర్యాదకి ఆడ్రీ ముచ్చటపడింది. ఇప్పుడు అది చూసినా చిర్రెత్తుకొస్తోంది.

“పెద్ద చర్చి కిటికీలోంచి రంగుల వెలుగు పడుతుందన్నావు. పొద్దున్నా, సాయంత్రమా?”

“పొద్దున్న. నిన్న చెప్పాను.”

“చెక్క రైలు?”

“కొండల్లోంచి, నారింజ తోటల్లోంచి పోతుంది. మొన్న చెప్పాను.”

“పొద్దున్నే ఏం తింటారు?”

“జంతికలా చుట్టి, పైన పంచదార పొడి చల్లిన రొట్టె. అదీ చెప్పాను! అన్నా, నీకు దణ్ణం పెడతాను. టికెట్ ఎప్పటికి కావాలి?”

క్రిష్ తలవంచుకున్నాడు. “టికెట్ వద్దమ్మా.”

“మరి?”

“నేను ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాను. హోటల్లో వంటపని. పోయిన నెలే తిరిగొచ్చాను. ఆదివారం మా చుట్టాలంతా ఇంటికొస్తున్నారు. అక్కడి విశేషాలు అడుగుతారు కదా…”

ఆడ్రీ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“ఎనిమిదేళ్లున్నావా? ఉన్నవాడివి నన్ను అడుగుతావా? నేనేమన్నా వెర్రిదాన్ని అనుకున్నావా? లే! నాకు పనుంది, లే!”

అతను లేచి, బల్లమీదున్న రంగుల కరపత్రాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు.

“వెళ్లొచ్చా?”

“వెళ్లమనే చెబుతున్నాను!”

ఆ సాయంత్రమంతా ఆమె ఫోను చేసినవాళ్లందర్నీ కసురుకుంది. ఇది పెళ్లిచూపుల వ్యవహారమే, సందేహం లేదు. విదేశాల్లో వెలగబెట్టానని చెప్పి ఎవరో అమాయకురాలిని బుట్టలో వేసుకుంటాడు. ఇలాంటివాడికా తను నాలుగురోజులు పాఠాలు చెప్పింది!

మర్నాడు శనివారం. పది గంటలకి ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. నూలు చీరమీద ఊలు కోటు, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి మడతలు పడ్డ కరపత్రం తీసింది.

“నా పేరు సూరమ్మ, తల్లీ. ఉమ్‌హ్లాలి నుంచి వొచ్చాను. మావోడి చొక్కా ఉతకబోతే జేబులో ఇది దొరికింది. మీ షాపు ముద్ర ఉందని బస్సు డ్రైవరు సెప్పాడు. ఈ పాల్మా ఊళ్లో సూసేయి ఏమున్నాయో కాస్త సెప్పు.”

“మీరూనా ఆంటీ!”

“మావోడు క్రిష్ ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు గదా.”

నిన్నటి కోపమంతా ఆడ్రీకి మళ్లీ ఎగదన్నుకొచ్చింది.

“ఆంటీ, మీ అబ్బాయి ఆ ఊరు కంటితో చూడలేదు! నాలుగుసార్లు ఇక్కడికొచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుని, అన్నీ నా దగ్గర రాసుకుని వెళ్లాడు!”

అనేశాక నాలుక కరుచుకుంది. పెద్ద ప్రాణం, ఏమైపోతుందోనని గ్లాసులో నీళ్లు పోసి అందించింది. సూరమ్మ నీళ్లు తాగలేదు, కంగారు పడనూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“వాడికి ఏమేం సెప్పినావు?”

“కోట… చర్చి కిటికీ… చెక్క రైలు… పొద్దున్నే తినే రొట్టె.”

“అయ్యే సెప్పు. వేరేయి వొద్దు.”

ఆడ్రీ పళ్లు కొరుకుతూ చెప్పింది. సూరమ్మ ఒక్కొక్కదానికీ ఒక వేలు ముడుస్తూ, చర్చి దగ్గర తప్పు పోయి, మళ్లీ మొదట్నుంచీ అప్పజెప్పింది.

“ఆదివారం అందరి ముందూ నేనే ముందు నోరు తెరుస్తా. ఇయ్యే అడుగుతా. ఇంకెవరన్నా ఇంకోటి అడిగేలోగా అన్నాలకి లేపేస్తా. అందరి ముందూ వాడు తడబడితే నేను సూడలేను తల్లీ.”

“అబద్ధమని తెలిసీనా? ఏం మనుషులు ఆంటీ మీరు! అసలు ఆ ఎనిమిదేళ్లూ ఎక్కడ తిరిగాడో నిలదీయరా?”

సూరమ్మ కరపత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి, ఊలు కోటు బొత్తాలు పెట్టుకుంది.

“నాది గుండెజబ్బు అని, తట్టుకోలేనని, వాడూ, నా కూతురూ కలిసి అల్లిన కథ ఇది. పాల్మా నుంచి వొచ్చినాయని అది ఉత్తరాలు సదివేది, నేను వినేదాన్ని. నాకేం తెలీదనే వాళ్లని అనుకోనీ.”

“మరి నిజంగా ఎక్కడున్నాడు?”

“తెల్లోళ్ల సర్కారుని ఎదిరించినోళ్లని వేసే రాబెన్ ఐలాండ్ జైల్లో.”