మూడో జెండా దగ్గర మంచు

కొండల మీద మంచు పడటం మానేశాక, ఏటా ఆఖరి స్కీ పందేలు భీమిలి పక్కన కోల్డ్ స్టోరేజీ లాంటి పెద్ద షెడ్డులోనే జరుగుతున్నాయి. అందులోని వాలు మీద మంచు మెత్తబడిన చోటల్లా నీళ్లు పోసి గడ్డకట్టించడం పైడితల్లి పని. ఆ పూట మూడో జెండా దగ్గర మెత్తబడితే, బల్ల మీద కనబడిన సీసా తెచ్చి ఒంపేసింది.

కాసేపటికి, పందేనికి పరాయి దేశం నుంచి వచ్చిన మార్తా ఆ సీసా కోసం వెతికింది. ఈ స్కీ పరుగుతో ఆమె ఆట మానేస్తోంది. పైడితల్లి చెవిలోని యంత్రం ఆమె మాటను తెలుగులో చెప్పింది.

"అవి మా కొండ మీద ఆఖరిసారి పడిన మంచు కరిగిన నీళ్లు. మా తాత దాచాడు."

పైడితల్లి చేతిలోని పార పక్కన పెట్టింది. "నానే ఒంపీసేనమ్మా. ఉత్త నీళ్లే అనుకున్నాను."

"ఎక్కడ?"

జెండా చూపించింది.

మార్తా పరుగు మొదలుపెట్టి, మూడో జెండా దగ్గర ఆగిపోయింది. గ్లౌజు తీసి, అరచెయ్యి మంచుకు ఆనించి కూర్చుంది. గడియారం తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆమెను లేవమనలేదు.

సాయంత్రం కూలింగ్ మిషన్లు ఆపేశారు. పైడితల్లి పార పట్టుకుని వాలంతా గోకింది గానీ, మూడో జెండా దగ్గర మాత్రం ఆపేసింది. ఆ ఖాళీ సీసా తెచ్చి, అక్కడ కరుగుతున్న నీళ్లు పట్టింది. అందులో తాత దాచినవెన్నో, మిషను చేసినవెన్నో ఆమెకు తెలియలేదు.