ఉడత అడ్డొచ్చింది

అమెరికాలోని శాన్ రామన్‌లో, సిగ్నల్ దగ్గర తన ఈ-సిగరెట్ పొగ కళ్లకడ్డం పడి, వేణుమాధవ్ ముందు కారును గుద్దేశాడు.

"ఏం జరిగింది?" కిటికీలోకి వంగి అడిగాడు పోలీసు.

వేణుమాధవ్ ఈ-సిగరెట్‌ని మెల్లగా జేబులోకి జార్చాడు.

"ఉడత అడ్డొచ్చింది, ఆఫీసర్." పక్క సీట్లోంచి పదిహేనేళ్ల కూతురు నీహారిక తొణక్కుండా చెప్పింది.

పోలీసు అదే రాసుకుని ముందు కారు వైపు వెళ్లాడు.

"ఇది అసలు సిగరెట్టే కాదు, ఉత్త ఆవిరి," గొణిగాడు వేణుమాధవ్. "కానీ మీ అమ్మకి తెలిస్తే..."

"డోంట్ వర్రీ నాన్నా, అమ్మకీ ఉడతనే చెప్తా. కార్లో నీ ఈ-సిగరెట్ మామిడి వాసన నా లిప్‌బామ్‌దని రోజూ చెప్తున్నా కదా!"

వేణుమాధవ్ కూతురి మొహంలోకి చూశాడు. అక్కడ బెరుకన్నదే లేదు.

సీట్‌బెల్ట్ తీసి, దిగి, పోలీసు వెనకే నడిచాడు.

"ఆఫీసర్! ఉడతా లేదు, ఏమీ లేదు."