గంగాలమ్మ మీద ఆంక్షలు

"మీకు సిలిండర్ ఇవ్వడం కుదరదు పిన్నీ. మీ మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి," అంది గ్యాస్ ఏజెన్సీలో యశస్విని, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

గంగాలమ్మకి ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర భోజనాల బండి. నిన్న పులుసు సగం ఉడుకుతుండగా గ్యాస్ అయిపోయింది. ఇవాళ కూడా పొయ్యి వెలగకపోతే గిరాకీ అంతా పక్కబండి సూర్యకళకి పోతుంది.

"నానేటి సేసేనమ్మా?"

"చమురు రవాణా చేస్తున్నారట. లక్ష టన్నులు."

"నా జన్మలో నాను మోసింది సేపల గంప ఒక్కటే!"

యశస్విని నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. సముద్రం మధ్యలో ఎక్కడో ఓ బుల్లి దేశం. మన పెందుర్తి అంత కూడా ఉండదు. సొంత చమురు చుక్క లేదు. దానికి చమురు అమ్మే దేశం మీద పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయి. అందుకని ఆ చమురు తెచ్చే ఓడ, తన పేరు నిషేధ జాబితాలోకి ఎక్కినప్పుడల్లా కొత్త పేరు పెట్టుకుంటుంది. ఈసారి పెట్టుకున్నది గంగాలమ్మ. సోమవారం అదీ జాబితాకెక్కింది. దాంతో ఆ పేరున్న వాళ్ళెవరి బుకింగూ కంప్యూటర్ తీసుకోవడం లేదు.

"పొద్దుట్నుంచి మీరు నాలుగో గంగాలమ్మ."

గోడమీద టీవీలో ఆ దేశమే. బస్సులు ఆగిపోయాయి. ఆస్పత్రిలో కొవ్వొత్తులు. ఒడ్డున జనం సముద్రం వైపు చేతులు చాచి "గంగాలమ్మా! గంగాలమ్మా!" అని అరుస్తున్నారు.

గంగాలమ్మ టీవీ వైపు రెండడుగులు వేసింది. పాపం, ఇంతమంది పిలుస్తుంటే వెళ్ళలేకపోయానే అనుకుంది.

పక్కనే మొగుడు ఎల్లారావు చిందులు తొక్కుతున్నాడు. హార్బర్లో బోట్ల దగ్గర పని అతనిది. పెళ్ళామంటే ప్రాణం. పోయిన నెలే, అడక్కుండానే వెండి పట్టీలు కొనిచ్చాడు.

"మా ఆడదాని పేరే దొరికిందేటి ఆ ఎదవలకి? ఎవుడో దొరకాల గానీ, సేతులిరగ్గొట్టేత్తాను!"

"మొగుడంటే నువ్వే బావా!" అన్నాడు వెనక క్యూలో తవిటయ్య.

"ఓడ ఫొటో ఉంది, చూస్తారా?" అంది యశస్విని.

ఎల్లారావు గొంతు టక్కున తగ్గింది. "ఫొటోలెందుకులే పాపా. పదవే గంగీ, కర్రల పొయ్యి మీద ఒండుకుందుం."

"ఉండు మావా, నా పేరెలాగ రాసేరో సూడనీ."

యశస్విని ఫొటో పెద్దది చేసింది.

నల్లటి ఓడ ముక్కు మీద, మనిషెత్తు తెల్లటి అక్షరాల్లో గంగాలమ్మ పేరు, దాని కింద ఓ మూలకి ముచ్చటగా: "ఎల్లారావు ఆర్ట్స్, ఫిషింగ్ హార్బర్, వైజాగ్", పక్కనే సెల్ నంబరు.