రెండవ చరణంలో గుయ్

డేవిడ్ రాజు గారు రెండవ చరణం ఎత్తుకోగానే స్పీకరు గుయ్‌మన్నది.

ఆయన పాట ఆపారు. మైకును స్టాండుకు తగిలించి, కళ్ళజోడు సవరించుకొని, వేదిక దిగి యాంప్లిఫైయర్ బల్ల వద్దకు నడిచారు. శబ్దం వస్తుండగా పాడటం ఆయన దృష్టిలో చిరిగిన చొక్కాతో పెళ్ళికి వెళ్ళడం వంటిది. పైగా ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసిన వ్యక్తి. ఆ యాంప్లిఫైయర్‌ను తన చేతులతో తయారుచేసి తొండుపల్లి చర్చికి బహూకరించిన దాత.

పెట్టె మూతపై చేయి వేసేసరికి శబ్దం ఆగిపోయింది. ప్రతి ఆదివారమూ ఇదే వరస.

"నన్ను చూస్తే దీనికి భయం," అన్నారాయన, భార్య ప్రేమావతితో. టేబుల్ ఫ్యాను గాలి లేనిదే ఆమె ప్రార్థనలో కూర్చోలేదు. అందువల్ల ఎప్పుడూ ఆ బల్ల పక్కనే ఆమె స్థానం.

"ఉండదా మరి? మీ స్టూడెంట్లకే ఉండె," అన్నదామె.

అప్పటికే పాస్టరు ప్రేమయ్య గారు ప్రసంగం ప్రారంభించారు.

తరువాతి ఆదివారమే కోత పండుగ. ఆనాటి ప్రత్యేక గీతం పెద్దరికం చేత డేవిడ్ రాజు గారిది. అయితే అప్పటికీ శబ్దం ఆగకపోతే గాయక బృందంలో మైకు అవసరం లేని గొంతు గల సిల్వియా చేత పాడిద్దామని పాస్టరు గారు ఎంతో మర్యాదగా సూచించారు. ఆ మర్యాదే డేవిడ్ రాజు గారిని ఎక్కువగా బాధించింది.

తన పాటకు ఎంత శక్తి ఉన్నదో ఆయన ఎరుగనిది కాదు. గత క్రిస్మస్‌కు పాడినప్పుడు వెనుక వరుసల వారందరూ తలలు వంచుకొని, నోళ్ళకు చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకొన్నారు. కొందరి భుజాలు కదిలిపోయాయి. అంతటి భక్తి పారవశ్యాన్ని తాను మరెక్కడా చూడలేదని ఇంటికి వచ్చి భార్యతో చెప్పారు. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. పాట ఆమెను కూడా కదిలించిందని ఆయన గ్రహించారు.

యాంప్లిఫైయర్ నిర్మాణానికి పూనుకొన్నది ఆ తరువాతే. మైకు నుండి వచ్చే సంకేతం చీమ అడుగుల చప్పుడంత చిన్నదనీ, దానిని వెయ్యి రెట్లు పెంచితే కరెంటులోని మురికి కూడా వెయ్యి రెట్లు పెరుగుతుందనీ భార్యకు వివరించారు. ఇంట్లో పరీక్షిస్తుండగా ఫ్రిజ్జును ఆపించారు, మిక్సీని నిషేధించారు. ఆమె శంషాబాద్ బస్టాండులో కొన్న చవక ఫోను ఛార్జర్ పక్క సాకెట్టులో ఉంటే పెట్టె ఏడుస్తున్నదని కనిపెట్టి, ఆ నల్లటి వస్తువును చెత్తబుట్టలో వేశారు. ఆమె శ్రద్ధగా విన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తన సబ్జెక్టు పట్ల ఆమెకు ఆసక్తి కలిగినందుకు ఆయన సంతోషించారు.

ఇక చర్చిలో దోషి ఎవరు? నెత్తిమీదుగా దిగే విమానాలను అనుమానించారు గాని, అవి సిల్వియా పాడేటప్పుడూ దిగుతున్నాయి. చివరికి చర్చి గోడను ఆనుకొని ఉన్న పిండి గిర్ని మీద దృష్టి నిలిచింది. దాని యజమాని చెన్నయ్యను నిలదీశారు.

"ఐతారం గిర్ని బందే ఉంటది సార్. తాళం నేనే ఏస్త," అన్నాడు చెన్నయ్య. "అందరు పాడితే సప్పుడు లేదు. మీరు పాడితేనే కరెంటుకు ఏం పరేషానో."

"పై స్థాయిలో నా గొంతు యంత్రం నుండి ఎక్కువ విద్యుత్తును కోరుతుంది."

"గట్లనా? అయితే జర బ్యాటరీ పెట్టుండ్రి సార్. లొల్లే పోతది."

"బ్యాటరీతో నిశ్శబ్దం ఎవరైనా తేగలరు. అది విజయం కాదు, పలాయనం."

"అవునండి, బ్యాటరీ ఎందుకు, నామోషి," అన్నది వెంట వచ్చిన ప్రేమావతి. భార్య తన మాటను ఇంత త్వరగా బలపరచడం ఆయనకు కొత్త.

వారమంతా శ్రమించారు. కోఠి నుండి పెద్ద కెపాసిటర్లు తెప్పించారు. రెగ్యులేటరును మార్చి, ఎర్తు తీగను విడిగా వేశారు. శనివారం సాయంత్రం ఖాళీ చర్చిలో అన్ని చరణాలూ పాడారు. గుయ్ లేదు. ఇంట్లో వంట పనిలో ఉన్నందున ప్రేమావతి ఈ విజయాన్ని కళ్ళారా చూడలేకపోయింది.

ఆదివారం చర్చి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. డేవిడ్ రాజు గారు గొంతు సవరించుకొన్నారు. మొదటి చరణం నిర్మలంగా సాగింది. కోళ్ళు ఒక్కసారిగా రెక్కలు కొట్టుకొన్నాయి. వెనుక వరుసలలో తలలు వంగసాగాయి, చేతిరుమాళ్ళు బయటికి వచ్చాయి. ఆయన కన్నులు అరమూసి రెండవ చరణం ఎత్తుకొన్నారు.

గుయ్.

ఆయన మైకును దించారు. ఈసారి పెట్టె వద్దకు కూడా వెళ్ళలేదు. "దోషం విద్యుత్తుది," అని మాత్రం సభకు తెలియజేసి, సిల్వియాను పిలిచి, నిటారుగా నడిచి వచ్చి కూర్చున్నారు. చేతిరుమాళ్ళు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

ప్రార్థన ముగిశాక ఒక్కొక్కరే వచ్చి ఆయన చేయి పట్టుకొన్నారు. గొప్ప పాటను పాడు కరెంటు చెడగొట్టిందని పాస్టరు గారు సైతం విచారించారు. జనం పలుచబడిన తరువాత డేవిడ్ రాజు గారు భార్య వైపు తిరిగారు.

"చూశావా ప్రేమా? ఒక్కరైనా నా పాటను తప్పు పట్టలేదు."

"నేనుండంగ మిమ్ములను ఎవరంటరండి?" అంటూ ఆమె సంచి కోసం బల్ల కిందికి వంగింది.

ఫ్యాను ప్లగ్గు పక్కనున్న నల్ల ఛార్జర్‌ను ఊడదీసి సంచిలో వేసుకొన్నది.